లేత్ మీద మర కోయడం: ప్రతిసారీ అదే గాడిలోకి

ఇంటి వర్క్‌షాపులో కడ్డీకి మర కావలసి వస్తే చాలామంది మొదట చేతిలోకి తీసుకునేది డై, అంటే కడ్డీ మీద తిప్పుతూ మర కోసే పళ్ళ దిమ్మ. చిన్న కొలతలకు అది చాలు. అయితే డై కడ్డీ మీద కాస్త వాలుగా ఎక్కితే మర కూడా వాలుగానే తయారవుతుంది. ప్రతి కొలతకూ విడిగా ఒక డై కొనుక్కోవాలి. పెద్ద కొలతల డైని చేత్తో తిప్పాలంటే భుజబలమూ కావాలి. లేత్ (కడ్డీని తిప్పుతూ టూలుతో చెక్కే యంత్రం) మీద ఒకే మొన గల టూలుతో కోసిన మర కడ్డీ అక్షానికి చక్కగా కుదురుతుంది, పైగా ఏ వ్యాసం మీదనైనా మనకు కావలసిన పిచ్‌ను (పక్కపక్క గాడుల మధ్య దూరాన్ని) కోసుకోవచ్చు. కాకపోతే ఆ మర ఒక్క కోతలో పూర్తి కాదు. పది పదిహేను సార్లు టూలు వెనక్కి వచ్చి, ప్రతిసారీ అంతకుముందు కోసిన గాడిలోనే మళ్ళీ దిగాలి. ఆ దిగడం వెంట్రుకవాసి తప్పినా అప్పటిదాకా చేసిన పని వృథా అవుతుంది. కింద చెప్పబోయే సన్నాహాలలో సగానికి పైగా ఆ ఒక్క సంగతి కోసమే.

లెక్కలు స్పష్టంగా ఉండటానికి ఒకే ఉదాహరణను చివరిదాకా పట్టుకుందాం: మెత్తని ఉక్కు కడ్డీ మీద ఎం16×2 మర, అంటే 16 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల పిచ్, 60 డిగ్రీల కోణం. నేర్చుకునేవారికి ఇది అనువైన కొలత. గాడి కంటికి స్పష్టంగా కనిపిస్తుంది, సరిపోల్చి చూసుకోవడానికి నట్టు తేలికగా దొరుకుతుంది, అలాగని చిన్న లేత్ మోయలేనంత లోతైన కోత కూడా కాదు.

స్పిండిల్ (కడ్డీని తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరిగేసరికి క్యారేజ్ (టూలును మోస్తూ జరిగే బండి) సరిగ్గా ఒక పిచ్ దూరం జరగాలి. స్పిండిల్ నుంచి గేర్ల వరుస పొడవైన మరకడ్డీ అయిన లీడ్ స్క్రూను తిప్పుతుంది, క్యారేజ్‌లో తెరిచి మూయగలిగే హాఫ్ నట్ ఆ లీడ్ స్క్రూను పట్టుకుని కదులుతుంది. 1800 ప్రాంతంలో బ్రిటిష్ ఇంజనీరు హెన్రీ మాడ్స్‌లే తన లేత్‌లో లీడ్ స్క్రూను, మార్చుకునే గేర్లను, స్లైడ్ మీద కదిలే టూలును ఒకచోట చేర్చిన ఏర్పాటు ఇదే. నేటి చిన్న లేత్‌లోనూ సూత్రం మారలేదు. గేర్‌బాక్స్ ఉన్న లేత్‌లో పట్టిక చూసి మీటలు మారిస్తే సరిపోతుంది. గేర్లు చేత్తో మార్చుకోవలసిన లేత్‌కు లెక్క ఇలా ఉంటుంది: కావలసిన పిచ్‌ను లీడ్ స్క్రూ పిచ్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తే నడిపే గేరు పళ్ళకూ నడిచే గేరు పళ్ళకూ మధ్య ఉండాలి. లీడ్ స్క్రూ పిచ్ 3 మిల్లీమీటర్లయితే 2 మిల్లీమీటర్ల మరకు నిష్పత్తి 2/3, అంటే 40 పళ్ళ గేరు 60 పళ్ళ గేరును తిప్పాలి. అదే లేత్ మీద 1.75 పిచ్‌కు 35, 60 సరిపోతాయి. మధ్యలో దూరం పూరించడానికి పెట్టే ఐడ్లర్ గేరు తిరిగే దిశను మారుస్తుందే కాని నిష్పత్తిని మార్చదు.

లీడ్ స్క్రూ అంగుళాలదైతే 127 పళ్ళ గేరు కావాలి. ఆ సంఖ్య వింతగా తోచినా కారణం సులువైనదే. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని పూర్ణసంఖ్య చేయాలంటే 5తో హెచ్చించాలి, అప్పుడు 127 వస్తుంది. అది ప్రధాన సంఖ్య కాబట్టి ఇంకా చిన్న గేరుకు కుదించే వీలులేదు. అంగుళానికి 8 మరలున్న లీడ్ స్క్రూ మీద 2 మిల్లీమీటర్ల పిచ్ రావాలంటే 80 పళ్ళ గేరు 127 పళ్ళ గేరును తిప్పాలి.

గేర్లు మార్చే ముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోకుండా ప్లగ్ కూడా ఊడదీయండి. రెండు గేర్ల పళ్ళ మధ్య పలుచని కాగితం ముక్క పెట్టి దగ్గరకు నొక్కి బిగించి, తరువాత చేత్తో తిప్పి ఆ కాగితాన్ని బయటకు తీసేస్తే పళ్ళ మధ్య ఉండవలసిన సందు సరిగ్గా మిగులుతుంది. మరీ బిగుతుగా కలిసిన గేర్లు చేసే మోత వినగానే తెలుస్తుంది.

ఇక జాబ్, అంటే మర కోయబోయే కడ్డీ, తయారీ. బయటి వ్యాసాన్ని 16కు కాకుండా 15.9కి తిప్పండి. సాధారణ బోల్టుకు ప్రమాణం ఒప్పుకునే హద్దులు 15.682 నుంచి 15.962 వరకు ఉన్నాయి కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. పైగా కోసేటప్పుడు లోహం ఒత్తుకుని మర శిఖరాలు కాస్త పైకి లేస్తాయి, దానికి చోటు కావాలి. మర ముగిసే చోట 4 మిల్లీమీటర్ల వెడల్పు, 13 మిల్లీమీటర్ల వ్యాసం ఉండే గాడిని పార్టింగ్ టూలుతో ముందుగానే కోసి పెట్టండి. మర అడుగు వ్యాసం దాదాపు 13.55 కాబట్టి టూలు ఈ గాడిలోకి వచ్చేసరికి దేన్నీ తాకకుండా ఆగగలుగుతుంది. కడ్డీ మొదటి అంచును 45 డిగ్రీల వాలుతో మర అడుగు దాకా చెక్కండి. జాబ్‌ను పట్టి ఉంచే చక్ నుంచి బయటికి వచ్చిన పొడవు వ్యాసానికి మూడు రెట్లు దాటితే చివర సెంటర్ డ్రిల్‌తో చిన్న గుంట వేసి, చక్‌కు ఎదురుగా ఉండే టెయిల్ స్టాక్ ఆధారం ఇవ్వాలి, లేకపోతే కడ్డీ కొస టూలు నుంచి తప్పుకుని వంగుతుంది, మర ఆ వైపు లావుగా మిగులుతుంది.

టూలు విషయంలో నా సలహా ఒక్కటే: మొదట్లో కార్బైడ్ ఇన్సర్టుల జోలికి పోకండి. అవి వేగాన్ని కోరుకుంటాయి, మనకు కావలసింది నిదానం. హై స్పీడ్ స్టీల్ టూల్ బిట్‌ను 60 డిగ్రీల మొనగా సానపట్టుకుంటే చాలు. పైతలానికి రేక్ (వాలు) ఇవ్వకుండా సమతలంగానే ఉంచండి, ఎందుకంటే పైతలం వాలితే 60 డిగ్రీల ఆకారం జాబ్ మీద 60గా పడదు. టూలు పక్కలు గోడకు రాసుకోకుండా ఇచ్చే క్లియరెన్స్ వాలును మాత్రం ఆలోచించి ఇవ్వాలి. మర అనేది వాలుగా చుట్టుకునే గాడి. మన ఉదాహరణలో ఆ వాలు దాదాపు 2.5 డిగ్రీలు. కాబట్టి టూలు ముందుకు సాగే వైపు, అంటే కుడిచేతి మరలో చక్ వైపు, మామూలు 5 డిగ్రీలకు ఆ రెండున్నర కలిపి ఏడున్నర దాకా ఇవ్వండి. అది లేకపోతే టూలు కోయడం మానేసి పక్కతో రుద్దుతుంది, మర గోడ చిరిగినట్లు వస్తుంది, కారణం వెతుకుతూ మీరు నూనెనూ వేగాన్నీ మారుస్తూ కూర్చుంటారు. చివరగా మొనను నూనెరాయి మీద మృదువుగా గుండ్రం చేయండి. 2 మిల్లీమీటర్ల పిచ్‌కు ఆ గుండ్రానికి 0.28 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉంటే బాగుంటుంది. సూదిలా వదిలేసిన మొన మొదటి కోతలోనే విరుగుతుంది, విరగకపోయినా మర అడుగున పగుళ్ళకు దారితీసే పదునైన మూలను మిగులుస్తుంది.

టూలు మొనను టెయిల్ స్టాక్ సెంటర్ ఎత్తుకు సరిగ్గా పెట్టి బిగించండి. తరువాత చేపతోక ఆకారంలో ఉండే సెంటర్ గేజ్ అంచును జాబ్ ఒంటికి ఆనించి, దాని 60 డిగ్రీల కోతలో టూలును దించి, వెనుక తెల్ల కాగితం పెట్టి చూడండి. రెండు పక్కలా వెలుతురు ఏమాత్రం కనిపించకుండా పోయేదాకా టూలును సవరించాలి. ఈ ఒక్క పనికి ఐదు నిమిషాలు పట్టినా నష్టం లేదు. వంకరగా పెట్టిన టూలుతో కోసిన మర ఒక వైపుకు ఒరిగి ఉంటుంది, దానిలోకి నట్టు ఎక్కినా ఒక గోడ మీదే భారం పడుతుంది.

కాంపౌండ్ స్లైడ్‌ను, అంటే టూలును జాబ్ వైపుకు నడిపే క్రాస్ స్లైడ్ మీద కావలసిన కోణానికి తిప్పుకోగల చిన్న స్లైడ్‌ను, ఎటు తిప్పాలన్న దగ్గర కొత్తవారు తరచుగా తికమకపడతారు. టూలును తిన్నగా లోపలికి నెడితే రెండు పక్కలా ఒకేసారి కోత పడుతుంది, రెండు వైపుల నుంచీ వచ్చే తరుగు మధ్యలో ఢీకొని ఇరుక్కుంటుంది, చిన్న లేత్ వణకడం మొదలవుతుంది. ఒక మిల్లీమీటరు లోపు పిచ్‌కు ఇది పెద్ద ఇబ్బంది కాదు. అంతకు మించితే కాంపౌండ్‌ను 29.5 డిగ్రీలకు తిప్పి, లోతు మొత్తం దాని ద్వారానే పెంచడం మేలు. అప్పుడు టూలు ముందువైపు గోడనే ప్రధానంగా కోస్తుంది, రెండో వైపు 60లో సగమైన 30 డిగ్రీలకు మిగిలిన అర డిగ్రీ తేడా ఆ గోడను నునుపుగా గీరుతుంది. ఈ 29.5 డిగ్రీలను లెక్కించవలసింది క్రాస్ స్లైడ్ దిశ నుంచి, అంటే జాబ్‌కు లంబంగా ఉండే గీత నుంచి. కొన్ని లేత్‌లలో కాంపౌండ్ మీది సున్నా జాబ్‌కు సమాంతరంగా ఉండే స్థితిని సూచిస్తుంది. అటువంటి దానిలో అంకెల మీద 60.5 దగ్గర ఆగాలి. అంకెను నమ్మి 29.5 దగ్గర బిగించినవారి టూలు జాబ్‌లోకి దిగడం కంటే పక్కకు జరగడమే ఎక్కువగా ఉంటుంది. కుడిచేతి మరకు కాంపౌండ్ పిడి కుడివైపుకు, అంటే టెయిల్ స్టాక్ వైపుకు వాలి ఉండాలని కూడా గుర్తుంచుకోండి.

టూలు మొన జాబ్‌ను తాకీతాకనట్టు ఉన్న స్థితిలో క్రాస్ స్లైడ్ డయల్‌ను, కాంపౌండ్ డయల్‌ను రెండింటినీ సున్నాకు పెట్టండి. ఇక నుంచి క్రాస్ స్లైడ్ పని టూలును వెనక్కి లాగడం, మళ్ళీ అదే సున్నాకు తేవడం మాత్రమే. లోతును పెంచే పని కాంపౌండ్‌ది.

స్పిండిల్ వేగం ఎంత ఉండాలన్న ప్రశ్నకు లోహం కంటే మీ చేతుల చురుకుదనమే జవాబు చెప్పాలి. నిమిషానికి 60 చుట్ల వేగంలో 2 మిల్లీమీటర్ల పిచ్‌తో క్యారేజ్ సెకనుకు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే మనం కోసిపెట్టిన 4 మిల్లీమీటర్ల గాడిని దాటడానికి రెండే రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో టూలును వెనక్కి తీసి మోటారు ఆపాలి. మీ లేత్ అంత నిదానంగా తిరగకపోతే, స్పిండిల్ వెనుక రంధ్రంలో బిగించి చేత్తో తిప్పే పిడి ఒకటి తయారుచేసుకోండి. చేత్తో తిప్పితే గాడి దగ్గర సరిగ్గా ఆగవచ్చు, కంగారు ఉండదు, కోత ఎలా సాగుతున్నదో చేతికి తెలుస్తుంది. నా దృష్టిలో ఇంటి లేత్‌కు ఇంతకంటే విలువైన అదనపు సామగ్రి లేదు. అయితే ఆ పిడి బిగించి ఉన్నంతసేపూ ప్లగ్ ఊడదీసే ఉంచాలి. మోటారు నడిచిందంటే అది చేతి ఎముకలు విరగ్గొడుతుంది. చేతి తొడుగులు, వదులు చేతుల చొక్కా, జాబ్ చుట్టూ గుడ్డ, ఇవేవీ తిరిగే స్పిండిల్ దగ్గరకు రాకూడదు. తరుగును బ్రష్‌తోనే, అదీ స్పిండిల్ ఆగిన తరువాతే తీయాలి. కళ్ళద్దాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మొదటి కోత కోయడానికి కాదు, చూసుకోవడానికి. జాబ్ మీద మార్కర్ సిరా పూసి, కాంపౌండ్‌ను 0.03 మిల్లీమీటర్లు మాత్రం ముందుకు తిప్పి, హాఫ్ నట్ వేసి, సన్నని గీత గీయించండి. పిచ్ గేజ్ ఆనించి చూడండి, లేదా స్కేలు పెట్టి లెక్కపెట్టండి: 20 మిల్లీమీటర్లలో సరిగ్గా పది పిచ్‌లు పట్టాలి. గేర్లు తప్పు పెట్టినట్లు ఇప్పుడు తెలిస్తే గీత ఒక్కటే చెడిపోతుంది. చాలా కోతల తరువాత తెలిస్తే కడ్డీ మొత్తం పోతుంది.

ఇక అసలు వరుస. టూలును కడ్డీ చివరకు ఐదారు మిల్లీమీటర్లు బయటే ఉంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే గేర్లలోనూ హాఫ్ నట్‌లోనూ ఉండే వదులు మొత్తం టూలు లోహాన్ని తాకే లోపే తీరిపోవాలి. కాంపౌండ్‌తో లోతు ఇచ్చి, బ్రష్‌తో కటింగ్ ఆయిల్ పూసి, స్పిండిల్‌ను ముందుకు నడపండి. టూలు గాడిలోకి రాగానే ముందు క్రాస్ స్లైడ్‌తో టూలును వెనక్కి లాగి, తరువాతే మోటారు ఆపండి. స్పిండిల్ పూర్తిగా ఆగాక, హాఫ్ నట్‌ను తెరవకుండా, రివర్స్‌లో నడిపి మొదలుపెట్టిన చోటికి రండి. క్రాస్ స్లైడ్‌ను సున్నాకు తెచ్చి, కాంపౌండ్‌తో మరికొంత లోతు ఇచ్చి, మళ్ళీ అదే పని చేయండి. వెనక్కి లాగడం, ఆపడం అన్న క్రమం ఎప్పుడూ తారుమారు కాకూడదు. నేను మొదటిసారి కోసినప్పుడు దాదాపు చివరి కోతలో, ఇక అయిపోయిందన్న ధీమాతో, టూలును తీయకముందే రివర్స్ నొక్కాను. గేర్ల వదులు వల్ల టూలు వచ్చిన దారిలో కాక పక్క గోడలోకి ఎక్కింది, మొన విరిగి గాడిలోనే ఉండిపోయింది. చక్ స్పిండిల్‌కు మరతో బిగించుకునే రకమైతే ఇంకో జాగ్రత్త అవసరం: రివర్స్‌లో కోత భారం పడినా, ఒక్కసారిగా కుదుపు తగిలినా చక్ ఊడి రావచ్చు.

హాఫ్ నట్ తెరిచి, క్యారేజ్‌ను చేత్తో వెనక్కి తెచ్చి, హాఫ్ నట్‌ను ఎప్పుడు వేయాలో చూపే థ్రెడ్ డయల్ చూసి మళ్ళీ వేయడం వేగవంతమైన పద్ధతి. అది ఎప్పుడు పనికివస్తుందో తెలియాలి. 3 మిల్లీమీటర్ల లీడ్ స్క్రూ మీద 1.5, 1, 0.75, 0.5 పిచ్‌లను కోసేటప్పుడు, అవి 3ను శేషం లేకుండా భాగిస్తాయి కాబట్టి, హాఫ్ నట్‌ను ఎక్కడ వేసినా టూలు పాత గాడిలోనే పడుతుంది. 2 పిచ్‌కు 3తో ఉమ్మడి గుణిజం 6, అంటే లీడ్ స్క్రూ రెండు చుట్లకొకసారి మాత్రమే సరైన చోటు వస్తుంది. 1.75కు ఆ గుణిజం 21, ఏడు చుట్లకొకసారి. లీడ్ స్క్రూ అంగుళాలది, మర మిల్లీమీటర్లది అయితే మామూలు డయల్‌ను నమ్ముకోకూడదు. ఈ లెక్కలు ఒంటబట్టేదాకా హాఫ్ నట్‌ను మొదటి కోతకు ముందు వేసి, మర పూర్తయ్యాకనే తెరవండి. ఆలస్యమవుతుంది, కాని గాడి తప్పదు.

ఒక్కో కోతకు ఎంత లోతు ఇవ్వాలి? మర లోతు పిచ్‌కు 0.6134 రెట్లు, అంటే 1.227 మిల్లీమీటర్లు, వాలుగా నడిచే కాంపౌండ్ మీద అది దాదాపు 1.41గా కనిపిస్తుంది. దీన్ని సమాన భాగాలు చేసి కోయడం పొరపాటు. గాడి వి ఆకారంలో ఉంటుంది కాబట్టి లోతు పెరిగే కొద్దీ అదే 0.1 మిల్లీమీటరు కోతకు తీసే లోహం ఎక్కువవుతూ పోతుంది. ప్రతి కోతలోనూ ఇంచుమించు ఒకే పరిమాణంలో లోహం రావాలంటే మొత్తం లోతు కోతల సంఖ్యకు వర్గమూలంగా పెరగాలి. 16 కోతలలో ముగించదలచుకుంటే మొదటిదానికి డయల్ 0.35 దగ్గర, నాలుగోదానికి 0.70, తొమ్మిదోదానికి 1.06, పదహారోదానికి 1.41 దగ్గర ఉండాలి. చివరి కోతలో పెరిగేది 0.05 కంటే తక్కువే. లేత్ మూలిగితే మధ్యలో మరికొన్ని కోతలు చేర్చుకోండి. తరుగు వంకీలు తిరిగి శుభ్రంగా వస్తున్నంతవరకూ అంతా బాగున్నట్టే. ఉక్కుకు గంధకం కలిసిన కటింగ్ ఆయిల్ బాగా పనిచేస్తుంది, అల్యూమినియానికి కిరోసిన్ చాలు, ఇత్తడిని పొడిగానే కోయవచ్చు.

డయల్ 1.41 చూపినంత మాత్రాన మర పూర్తయినట్టు కాదు. మొన కాస్త పదునుగా ఉంటే ఇంకొంత లోతుకు వెళ్ళవలసి వస్తుంది, మొద్దుగా ఉంటే ముందే సరిపోతుంది. అందుకని 1.3 దాటినప్పటి నుంచి ప్రతి కోత తరువాతా స్పిండిల్ ఆపి, శిఖరాల మీది గరుకును సన్నని ఆకురాయితో తీసి, బ్రష్‌తో శుభ్రం చేసి, నట్టు ఎక్కించి చూడండి. నట్టు మొదటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే, లోతు పెంచకుండా అదే కొలత మీద ఒకటి రెండు సార్లు టూలును నడపండి. వంగి ఉన్న టూలూ జాబూ నిటారవుతూ మిగిలిపోయిన లోహాన్ని ఈ ఖాళీ కోతలు తీస్తాయి. చాలాసార్లు నట్టు వాటితోనే ఎక్కేస్తుంది. కచ్చితమైన కొలత కావలసినవారు గాడులలో ఒకే మందం గల మూడు తీగలను పెట్టి మైక్రోమీటర్‌తో కొలవాలి. 2 పిచ్‌కు తగిన తీగ మందం 1.155 మిల్లీమీటర్లు, అప్పుడు సాధారణ బోల్టుకు మైక్రోమీటర్ 16.24 నుంచి 16.39 మధ్య చూపాలి. ఏ పద్ధతిలో చూసినా, నట్టు సంతృప్తికరంగా ఎక్కేదాకా జాబ్‌ను చక్ నుంచి విప్పకండి. విప్పి మళ్ళీ బిగించిన జాబ్‌ను పాత గాడికి కుదర్చడం సాధ్యమే కాని సరదా పని కాదు.

మధ్యలో టూలు మొన పోయి దాన్ని తీసి మళ్ళీ సానపట్టవలసి వస్తే మాత్రం దారి ఉంది. టూలును సెంటర్ గేజ్‌తో మళ్ళీ కుదిర్చి బిగించండి. జాబ్‌ను తాకకుండా వెనక్కి ఉంచి, హాఫ్ నట్ వేసి, స్పిండిల్‌ను ముందు దిశలోనే చేత్తో తిప్పుతూ టూలు మర మధ్యకు వచ్చేదాకా తీసుకెళ్ళి ఆపండి. ముందు దిశలోనే తిప్పాలనడానికి కారణం, వదులంతా కోసేటప్పటి వైపుకే తీరి ఉండాలి. అప్పుడు కాంపౌండ్‌ను, క్రాస్ స్లైడ్‌ను రెండింటినీ కలిపి కదిలిస్తూ మొనను గాడి నట్టనడుమ దించండి, భూతద్దం పెట్టి రెండు గోడలకూ సమదూరంలో ఉందో లేదో చూడండి, డయల్‌లను అక్కడ కొత్త సున్నాకు మార్చండి.

లోపలి మరకు క్రమం అదే, దిశలు తలకిందులు. ఎం16×2 నట్టుకు రంధ్రాన్ని 14 మిల్లీమీటర్లకు బోర్ చేయండి. ప్రమాణం ఒప్పుకునే హద్దులు 13.835, 14.210. లోతు పెంచడానికి టూలు మీ వైపుకు రావాలి, వెనక్కి తీయడానికి అవతలికి వెళ్ళాలి. బయటి మరలకు అలవాటుపడిన చేయి ఇక్కడ తప్పకుండా పొరబడుతుంది, అందుకే ఖాళీగా నాలుగైదు సార్లు నడిపి చూసుకున్నాకే లోహం మీదకు వెళ్ళండి. బోరింగ్ బార్ సన్నగా ఉండి వంగుతుంది కాబట్టి కోతలు పలుచగా, ఖాళీ కోతలు ఎక్కువగా ఉండాలి. టూలు ఎక్కడిదాకా వెళ్ళిందో కంటికి కనిపించదు. టూలు రంధ్రం లోపలి గాడిని చేరినప్పుడు బార్ మీద రంధ్రం ముఖం దగ్గర ఒక గీత గీసి పెట్టుకుని, కోసేటప్పుడు ఆ గీతనే చూస్తూ ఉండండి.